గోదారి గులకరాళ్లు టంబ్లర్‌లో తిప్పాను, నున్నగా అయ్యాయి గానీ మెరుపు రాలేదు, ఎక్కడ తప్పు చేశాను?

గులకల సిరి (జూలై 12)
అందరికీ నమస్తే అండి. కొత్తగా చేరాను, పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి. మేం హైదరాబాద్ శివార్లలో ఇల్లు కట్టుకుంటున్నాం, ప్లాస్టరింగుకి మంథని వైపు నుంచి గోదారి ఇసుక తెప్పించాం. మేస్త్రీ ఇసుక జల్లెడ పట్టి పైన మిగిలిన గులకలన్నీ ఓ పక్కకి పడేస్తున్నాడు, ఓ రోజు వాన పడి ఆ కుప్ప తడిసింది, సాయంత్రం ఎండ వచ్చేసరికి అందులోంచి ఎర్రవి, తేనె రంగువి, జామాకు పచ్చవి, పాలమీగడలాంటి చారలున్నవి ఒక్కసారిగా కనపడ్డాయి, నేనిక అక్కడే కూర్చుండిపోయాను. చిన్నప్పుడు రాజమండ్రిలో అచ్చనగాయలాడ్డానికి అచ్చం ఇలాంటివే ఏరేవాళ్లం, మంచి రాయి దొరికితే పరికిణీ కుచ్చెళ్లలో దాచుకునేవాళ్లం.

రెండు బకెట్లు ఏరాను. ఆన్‌లైన్‌లో కిలోన్నర పట్టే చిన్న టంబ్లర్ (రాళ్లని నీళ్లూ పొడీ కలిపి డబ్బాలో తిప్పి నున్నగా చేసే మెషీన్) తెప్పించి, దాంతో వచ్చిన కాయితంలో ఉన్నట్టే, రాళ్లని అరగదీసే నాలుగు పొడులూ ముతకది మొదలు మెత్తటి పాలిష్ పొడి దాకా వరసగా వేశాను, మొదటిది 5 రోజులు, మిగతావి నాలుగేసి రోజులు. డబ్బా సగం నిండింది. నల్లరాళ్లు కూడా గుండ్రంగా బావున్నాయని ఓ పది వేశాను. ఇప్పుడు చూస్తే రాళ్లు సబ్బుబిళ్లలా నున్నగా ఉన్నాయి, నీళ్లలో ఉన్నంతసేపూ కళ్లు తిప్పుకోలేం, ఆరిపోతే మాత్రం బూడిద పూసినట్టు అయిపోతున్నాయి. దాదాపు మూడు వారాలు కష్టపడ్డాను, చాలా బాధగా ఉంది. ఏం తప్పు చేశానో చెప్పరూ?

ఇందూరు రాళ్లు (జూలై 12)
సిరి అక్కా, నీ రాళ్లల్ల తప్పు లేదు, తొందరల ఉన్నది. మొదటి పొడికి 5 దినాలు అస్సలు సరిపోవు. నేను మే నెలల శ్రీరాంసాగర్ నీళ్లు ఎనుకకు పోయినప్పుడు కందకుర్తి కాడ ఏరుత, అదే మంజీర, హరిద్ర వచ్చి గోదారిల కలిసే జాగ, ఆడ దొరికిన రాళ్లకు మొదటి పొడికే మూడు వారాలు, కొన్నిటికి ఐదు వారాలు గూడ పట్టింది. వారం వారం తెరుస్త, కడుగుత, ఒక్కొక్కటి చేతిల పట్టుకొని చూస్త, గుంత గాని నెర్ర గాని కనిపిస్తే మళ్ల అండ్లనే ఏస్త. ఒక రాయి అయితది, దాని పక్కది కాదు. అన్నీ ఒక్కపారి అయితయని అనుకోవద్దు.

ఆ గుంతలల్ల మొదటి ముతక పొడి ఇరుక్కుంటది అక్కా. తర్వాత మెత్త పొడి ఏసినప్పుడు అది బయటకొచ్చి రాళ్లన్నిటినీ గీరుతది. గా బూడిద రంగు గీతలే, కంటికి కనపడనంత సన్నయి.

ఇంకోటి, ఆ నల్లరాళ్లు ఎందుకేసినవ్?

గులకల సిరి (జూలై 12)
చూడ్డానికి బావున్నాయని వేశాను తమ్ముడూ. అవి వేయకూడదా?

రాతి మాష్టారు (జూలై 13)
అమ్మా సిరీ, నేను జియాలజీ లెక్చరర్‌గా పనిచేసి రిటైరయ్యాను, ఈ ప్రశ్న చూడగానే రాయకుండా ఉండలేకపోయాను.

నీ ఎర్రరాయికీ ఆ నల్లరాయికీ తల్లీబిడ్డల సంబంధం. నల్లది బసాల్ట్, అంటే గట్టిపడిన లావా. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కింద దక్కన్‌లో లావా పొరలు పొరలుగా పారింది, ఇప్పటికీ 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర మిగిలే ఉంది, మన తెలంగాణలో వికారాబాద్, జహీరాబాద్, ఆదిలాబాద్ వైపు దాని అంచు తగులుతుంది. రాజమండ్రి దగ్గర కాతేరులో, అవతలి ఒడ్డున పంగిడిలో కూడా ఆ కాలం లావానే ఉంది, అంటే నువ్వు పుట్టిన ఊరికీ దీంతో చుట్టరికం ఉందన్నమాట. లావా చల్లారేటప్పుడు అందులోని ఆవిరి బుడగలు అలాగే ఖాళీ గూళ్లుగా ఉండిపోతాయి. తర్వాత లక్షల ఏళ్లపాటు సిలికా (ఇసుకలో ఉండే పదార్థమే) కరిగిన నీళ్లు ఆ గూళ్లలోకి ఊరుతాయి, ఆ సిలికా గూటి గోడలవెంట పొర మీద పొర పేరుకుంటుంది. పొరలు కనిపిస్తే అగేటు, మనవాళ్లు హకీకు అనీ సులేమానీ అనీ అనేది దాన్నే. చారల్లేకుండా తేనెలాగో నారింజలాగో వెలుతురు పోనిస్తే కార్నీలియన్. వెలుతురు అస్సలు పోనివ్వకపోతే జాస్పర్. ఎరుపూ పసుపూ ఇనుము పుణ్యమే. బయట బసాల్ట్ మెత్తబడి మట్టైపోతుంది, లోపలి గట్టి గుండు మాత్రం మిగిలి వాగులోకి, వాగు నుంచి గోదారిలోకి దొర్లుకుంటూ వస్తుంది. త్ర్యంబకం దగ్గర పుట్టి సముద్రంలో కలిసేదాకా గోదారి నడక 1,465 కిలోమీటర్లు. నీ టంబ్లర్ మూడు వారాల్లో చెయ్యబోయిన పని గోదారి ముందే సగం చేసి పంపింది.

ఇప్పుడు అసలు సంగతి. రాళ్ల గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా చెప్పే మోస్ కొలతలో అగేటు, జాస్పర్లది 6.5 నుంచి 7. మామూలు చాకు 5.5 దగ్గర ఉంటుంది, అందుకే చాకుతో గీస్తే అగేటు మీద గీత పడదు, చాకు ఇనుమే దాని మీద నల్లగా అంటుతుంది. బసాల్ట్ అంతకన్నా మెత్తన, పైగా గరుకు, అన్నిటితో కలిపి తిప్పితే అదే అరిగి బురదవుతుంది, గింజలు గింజలుగా రాలి పక్కవాటిని గీస్తుంది. తెల్లగా పలకలు పలకలుగా విరిగే రాళ్లుంటే వాటినీ తీసెయ్యి, అవి కాల్సైటో జియోలైటో అయి ఉంటాయి, ఇంకా మెత్తన. నిమ్మరసం చుక్క వేస్తే బుసబుసమని నురగొచ్చేది కాల్సైటు.

గులకల సిరి (జూలై 13)
మాష్టారూ, చాకు తెచ్చి కూర్చుని 40 రాళ్లు గీసి చూశాను. మీరు చెప్పినట్టే తేనెరంగు వాటి మీద పెన్సిల్ గీతలా నల్లగా పడింది, వేలితో తుడిస్తే పోయింది. తెల్లవాటిలో నాలుగింటికి గాటు పడింది. చీకట్లో సెల్‌ఫోన్ టార్చి మీద పెట్టి చూస్తే మా అబ్బాయి వాటిని దీపాలంటున్నాడు.

డులూత్ తెలుగోడు (జూలై 14)
సిరి గారూ, నేను అమెరికాలో మినసోటాలో ఉంటాను, ఇక్కడ లేక్ సుపీరియర్ ఒడ్డున ఎర్ర అగేట్లు దొరుకుతాయి, 1969 నుంచీ అదే ఈ రాష్ట్రపు రత్నం. 110 కోట్ల ఏళ్ల కిందటి లావాలో పుట్టినవి, మన గోదారి వాటికి తాతముత్తాతలన్నమాట. మంచుయుగంలో కదిలిన పెద్ద పెద్ద మంచు పలకలు వీటిని దక్షిణాదికి ఈడ్చుకెళ్లి ఊళ్ల మీద చల్లాయి, అందుకని ఇక్కడ కంకర గుట్టల్లో కూడా వెతుకుతారు. మీ జల్లెడ కుప్ప సంగతి చదివితే ప్రాణం లేచొచ్చింది.

డబ్బా సగమే నిండటం కూడా తప్పేనండి. మూడింట రెండొంతులు తప్పనిసరి, ముప్పాతిక వరకూ పోవచ్చు. తక్కువైతే రాళ్లు ఒకదాని మీద ఒకటి జారకుండా ఎగిరి పడతాయి, అగేటు గాజులాంటిది, దెబ్బ తగిలితే నెలవంక ఆకారంలో లోపల చిట్లుతుంది. నీళ్లు పై వరస రాళ్ల కిందదాకానే. కిలోన్నర డబ్బాకి ముతక పొడి నాలుగు టేబుల్ స్పూన్లు. మంచి రాళ్లు చాలకపోతే సెరామిక్ గుళ్లు అమ్ముతారు, వాటితో నింపండి, చిన్నా పెద్దా కలిసి ఉంటేనే సందుల్లోకి పొడి వెళ్తుంది.

మెరుపు ఏ దశలో పోయిందో తెలుసుకోడానికి ఒక చిన్న పరీక్ష చెప్తాను. ఆఖరి పాలిష్ పొడి తడి చేసి పాత జీన్స్ గుడ్డ మీద రాసి, ఒక రాయిని అయిదు నిమిషాలు గట్టిగా రుద్దండి. అక్కడ మెరుపొస్తే ఆఖరి దశలోనే లోపం, రాకపోతే అంతకుముందు దశల్లోనే ఎక్కడో గీతలు మిగిలాయి. మీది మొదటి దశే అని నా అంచనా.

గులకల సిరి (జూలై 14)
రుద్దానండి. చెయ్యి నొప్పి పుట్టింది గానీ మెరుపు రాలేదు. అయితే మొదటి నుంచీ మొదలెట్టాల్సిందే.

ఇందూరు రాళ్లు (జూలై 14)
రంది పడకు అక్కా. రాయి ఏడికీ పోదు.

నిత్య (జూలై 15)
మధ్యలో అడుగుతున్నందుకు సారీ. ఎగ్జిబిషన్‌లో నీలం, గులాబీ రంగు అగేట్ పలకలు అమ్ముతున్నారు, అవి కూడా గోదావరివేనా?

రాతి మాష్టారు (జూలై 15)
అంత గాఢమైన నీలం, గులాబీ రంగులు చాలావరకు వేసిన రంగులేనమ్మా. అగేటు గట్టిదే గానీ పొరల మధ్య సన్నటి రంధ్రాలుంటాయి, అద్దకం పీల్చుకుంటుంది. నల్ల ఓనిక్స్ కూడా ఎక్కువగా అలా చేసిందే, రాయిని చక్కెర పాకంలో నానబెట్టి తర్వాత గంధకామ్లంలో వేస్తే లోపలికి ఇంకిన చక్కెర బొగ్గై నల్లబడుతుంది. రంగు వేసిందని చెప్పి అమ్మితే తప్పులేదు, చెప్పకపోతేనే తప్పు.

ధర్మపురి పోరడు (జూలై 17)
అన్నలు, నాకు కోటిలింగాల కాడ చేన్ల ఒక ఎర్ర రాయి దొరికింది, రేగ్గింజంత ఉన్నది, గుండ్రంగ, నడుమ సన్న బెజ్జం. మాపుగ ఉన్నది. దీన్ని టంబ్లర్‌ల ఏస్తే మెరుస్తదా?

రాతి మాష్టారు (జూలై 17)
వద్దు బాబూ, వద్దు. దాన్ని కడగను కూడా కడక్కు. బెజ్జం వెలుతురుకి పెట్టి చూడు, రెండు వైపుల నుంచి తొలిచి మధ్యలో కలిపినట్టు, కలిసిన చోట కొంచెం వంకరగా ఉందా?

ధర్మపురి పోరడు (జూలై 17)
ఔ సార్, నడిమిట్ల కొంచెం ఎత్తు పల్లెం ఉన్నది.

రాతి మాష్టారు (జూలై 17)
అయితే అది చేత్తో తొలిచిన కార్నీలియన్ పూస, రెండువేల ఏళ్లదైనా అయి ఉండొచ్చు. కోటిలింగాల అంటే శాతవాహనుల తొలి రాజు శిముకుడి నాణేలు దొరికిన ఊరు నాయనా. సంగారెడ్డి దగ్గరి కొండాపూర్‌లో కూడా ఇలాంటి పూసలు బోలెడు దొరికాయి. క్రీ.శ. 1వ శతాబ్దంలో ఒక గ్రీకు వర్తకుడు రాసిపెట్టాడు, మహారాష్ట్రలోని పైఠాన్ నుంచి గుజరాత్‌లోని భరూచ్ రేవుకి బండ్ల మీద ఈ జాతి రాళ్లు విస్తారంగా పోయేవని. పైఠాన్ గోదారి ఒడ్డే. ఆ పూస మీద అరుగుదల ఉంది చూడు, అది ఎవరి మెడలోనో దారానికి రాసుకుని వచ్చిన అరుగుదల, టంబ్లర్‌లో వేస్తే ఒక్క రాత్రిలో చెరిగిపోతుంది. దొరికిన చోటు గుర్తుపెట్టుకుని ఫోటో తీసి, పురావస్తు శాఖ వాళ్లకి అప్పజెప్పు. అక్కడ ఇంకేం తవ్వకు.

ధర్మపురి పోరడు (జూలై 17)
సరే సార్. మంచిగ చెప్పిన్రు, లేకుంటే ఇయ్యాలనే ఏసేటోణ్ణి. సోమవారం కరీంనగర్ మ్యూజియంకు పోత.

పుల్లీ పట్టీ (జూలై 19)
నేను విజయవాడ ఆటోనగర్లో మెకానిక్కుని. కొన్న టంబ్లర్ చిన్నది కాబట్టి మీకు అయిదు వారాలు పడుతుంటే విసుగొస్తుంది, నేను ఇంట్లోనే చేసుకున్నాను, రాసుకోండి. పావు హార్స్‌పవర్ మోటారు, నిమిషానికి 1440 చుట్లది, దానికి రెండంగుళాల పుల్లీ, ఇరుసుకి పన్నెండంగుళాల పుల్లీ, బెల్టు. రెండు ఇరుసులు పక్కపక్కన బేరింగుల మీద, ఒకటి తిప్పుతుంది ఇంకోటి ఊరికే తిరుగుతుంది, వాటికి రబ్బరు గొట్టం తొడగాలి లేకపోతే డబ్బా జారుతుంది. డబ్బా అంటే నాలుగంగుళాల పీవీసీ పైపు, అడుగు పొడవు ముక్క, ఒక పక్క ఎండ్ క్యాప్ అతికించెయ్యాలి, రెండో పక్క మర మూత. ఇలా అయితే డబ్బా నిమిషానికి 50 పైచిలుకు చుట్లు తిరుగుతుంది, సరిగ్గా సరిపోతుంది. లోపల స్కూటర్ ట్యూబు కోసి చుట్టూ అతికించండి, అది లేకపోతే పైపు అరిగిపోతుంది, పైగా ఇల్లంతా గలగల, మా ఇంటి కిందివాళ్లు మూడో రోజే పైకొచ్చారు. ట్యూబు అతికించాక దూరంగా వాన పడుతున్నట్టు వినపడుతుంది, అంతే.

బెల్టుకి, పుల్లీకి ఇనప జాలీ మూత పెట్టండి, పిల్లలున్న ఇల్లు. కరెంటు పోయినా గాభరా పడక్కర్లేదు. ఒక్క పూటైతే ఏం కాదు, రోజంతా పోతే మాత్రం డబ్బా చేత్తో కాసేపు తిప్పండి, అడుగున పొడి గట్టిపడకుండా. ముతక పొడి అంటే కార్బొరండమే, గ్రానైట్ పాలిష్ సామాన్లమ్మే కొట్లలో నంబర్లవారీగా దొరుకుతుంది, ఆఖరి దశకి అద్దాల పాలిష్ వాళ్లు వాడే సీరియం ఆక్సైడ్ అడగండి.

డులూత్ తెలుగోడు (జూలై 19)
అద్భుతం అన్నా. ఒక్క మాట కలుపుతాను, ఇక్కడి నుంచి టంబ్లర్ పట్టుకొచ్చేవాళ్లకి. ఇక్కడి కరెంటు 120 వోల్టులు, ఫ్రీక్వెన్సీ 60 హెర్ట్జ్. ట్రాన్స్‌ఫార్మర్ పెడితే వోల్టు మారుతుంది గానీ మన దగ్గర 50 హెర్ట్జే, మోటారు ఆరింట ఒకవంతు నెమ్మదిగా తిరుగుతుంది, వేడెక్కుతుంది. మా తమ్ముడికి తీసుకెళ్లి ఇచ్చింది నాలుగు నెలల్లో కాలిపోయింది. అక్కడి మోటారుతో చేసుకోవడమే మేలు.

నర్మద ఒడ్డు (జూలై 21)
మాది శ్రీకాకుళం, ఉద్యోగం గుజరాత్‌లో. ఇక్కడికి దగ్గర్లోనే రతన్‌పూర్ అగేటు గనులు, ఆ రాయంతా ఖంభాత్ వెళ్తుంది, హరప్పా కాలం నుంచీ పూసల పనే. రాళ్లని నెలల తరబడి ఎండలో పెట్టి, కుండల్లో వేసి పిడకల మంటలో కాలుస్తారు, మట్టిరంగు రాయి ఎర్రటి కార్నీలియన్‌గా బయటకొస్తుంది, లోపలి ఇనుము వేడికి అలా మారుతుంది. ఆ పని దగ్గర కూర్చుని చూశాను, అరగంట కదల్లేకపోయాను.

కానీ ఒకటి అందరూ గుర్తుపెట్టుకోండి. అక్కడ సాన పట్టేవాళ్లకి సిలికోసిస్ వస్తుంది. పొడిగా రాయి సాన పడితే లేచే దుమ్ము ఊపిరితిత్తుల్లో దిగి అక్కడే ఉండిపోతుంది, దానికి మందు లేదు, పని మానేసినా తగ్గదు. పక్కన కూర్చునే ఆడవాళ్లకీ పిల్లలకీ కూడా వస్తోంది. నేను మాట్లాడిన ఒకాయనకి నలభై ఏళ్లు కూడా లేవు, పది మాటలకొకసారి ఆగి ఊపిరి తీసుకున్నాడు. టంబ్లర్‌లో అంతా తడిగా జరుగుతుంది కాబట్టి భయం లేదు. కానీ బురద ఆరితే అదే దుమ్ము. చీపురుతో ఊడవకండి, తడిగుడ్డతో తుడవండి. గ్రైండర్ పెట్టి ఇంట్లో రాయి కోసేవాళ్లుంటే నీళ్లు లేకుండా ముట్టుకోవద్దు, మీకు దణ్ణం పెట్టి చెప్తున్నాను.

గులకల సిరి (జూలై 21)
ఈ సంగతి నాకు నిజంగా తెలీదండి. నేను బురద బాల్కనీలో ఆరబెట్టి ఊడ్చాను, మా అబ్బాయి పక్కనే ఉన్నాడు. ఇకమీదట చచ్చినా చెయ్యను.

పుల్లీ పట్టీ (జూలై 21)
సింకులో కూడా పొయ్యొద్దమ్మా, పైపులో సిమెంటులా గట్టిపడుతుంది. మాకు బాత్రూం గొట్టం కోయించాల్సొచ్చింది. బకెట్లో ఒక రోజు ఉంచి పైన తేరిన నీళ్లు మట్టిలో పోసి, అడుగు బురద తడిగా ఉండగానే కవర్లో కట్టి పడేస్తాను.

ధర్మపురి పోరడు (జూలై 24)
పూస మ్యూజియంల ఇచ్చిన. సార్లు దొరికిన జాగ రాసుకున్నరు. చాయ్ తాపిచ్చిన్రు.

రాతి మాష్టారు (జూలై 24)
చల్లగా ఉండు నాయనా.

గులకల సిరి (ఆగస్టు 18)
అప్‌డేట్. నల్లవీ మెత్తవీ ఏరేసి, ముప్పాతిక నింపి ముతక పొడి మళ్లీ మొదలెట్టాను. వారం వారం తెరిచాను. నాలుగు వారాలు అయింది, 62 రాళ్లలో 41 సిద్ధం, మిగతావి ఇంకో డబ్బాలో పక్కన పెట్టాను. ఒక రాయి మీద చిన్న గుంత ఉండేది, పోనీలే అనుకున్నదాన్ని ఇందూరు తమ్ముడి మాట గుర్తొచ్చి మళ్లీ వేశాను, గుంత అరిగేకొద్దీ కింద కన్నులాంటి గుండ్రటి చారలు బయటపడ్డాయి. మొన్నే తీసేసి ఉంటే అవి కనపడేవే కావు. పొడి మార్చే ముందు డబ్బా మూత అంచుల్లో కూడా పాత టూత్‌బ్రష్‌తో కడిగాను.

ఇందూరు రాళ్లు (ఆగస్టు 18)
గిప్పుడు దారికొచ్చినవ్ అక్కా.

గులకల సిరి (సెప్టెంబర్ 21)
వచ్చింది! మెరుపు వచ్చింది!

నిన్న రాత్రి డబ్బా తెరిచి కడిగి తువ్వాలు మీద పరిచి, ఆరేదాకా దగ్గరికి వెళ్లకూడదని వంటింట్లోనే ఉండిపోయాను. గంట తర్వాత వచ్చి చూస్తే తడి ఒక్క చుక్క లేదు, అయినా తడిసినట్టే ఉన్నాయి. బొటనవేలి గోరంత రాయి ఒకటుంది, అంచున తేనె రంగు, లోపలికి వెళ్లేకొద్దీ వెంట్రుకంత సన్నటి తెల్లచారలు, లెక్కపెట్టబోతే పదిహేడు దాటాక కన్ను తప్పిపోతోంది, నడిమధ్యలో పంచదార పలుకుల్లాంటి స్ఫటికాలు. ట్యూబులైటు దాని మీద గీతలా కనపడుతోంది. అది చూసి ఏడుపొచ్చింది నాకు.

పొద్దున సైటుకి తీసుకెళ్లి మేస్త్రీ చేతిలో పెట్టాను. ఎక్కడ కొన్నారమ్మా అన్నాడు, నీ జల్లెడ మీద మిగిలిందే అన్నాను, చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. ముప్పై ఏళ్లుగా పునాదుల్లో పోస్తున్నాను తట్టలకి తట్టలు అన్నాడు. వాళ్ల అమ్మాయికి రెండు పట్టుకెళ్లమని ఇచ్చాను, ఎర్రదొకటీ జామాకు పచ్చదొకటీ. రేపు వేరే సైటులో జల్లెడ ఉందట, గులకలన్నీ నీళ్లతో తడిపి చూసి మంచివి బస్తాలో వేసి తెస్తానన్నాడు.

పుల్లీ పట్టీ అన్నయ్యా, ఇంక ఈ చిన్న డబ్బా చాలదు. ఇరుసుల మధ్య దూరం ఎంత పెట్టారో చెప్తారా?

పుల్లీ పట్టీ (సెప్టెంబర్ 21)
నాలుగంగుళాల పైపుకైతే మధ్యలో మూడంగుళాలు చాలమ్మా. రేపు కొలిచి బొమ్మ గీసి పెడతాను.